రాకపోకల ఊరు రంగం

యాంగోన్ నడిబొడ్డు కాలినడకన తిరగడానికి భలే అనువుగా ఉంటుంది. సూలే పగోడా దగ్గర నిలబడితే దారులు నాలుగు వైపులకూ తిన్నగా సాగిపోతాయి. నది ఒడ్డున స్ట్రాండ్ రోడ్డు, దాని వెనక వరసగా మర్చెంట్ వీధి, మహాబందూల, అనవ్రథ, బోజో ఆంగ్‌సాన్ రోడ్లు, వాటికి అడ్డంగా అంకెలే పేర్లుగా ఉన్న సన్నటి వీధులు. ఆ సన్నటి వీధుల్లో తలెత్తి చూస్తే మూడో అంతస్తు నుంచీ నాలుగో అంతస్తు నుంచీ పొడవాటి తాళ్ళు వేలాడుతుంటాయి. తాడు చివర ఒక క్లిప్పో చిన్న సంచో ఉంటుంది. పేపరబ్బాయి పేపరు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, ఇంట్లోవాళ్ళు తాడు పైకి చేదుకుంటారు. పేవ్‌మెంటు మీద మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్ళు, వాటి మీద టీ కొట్టు జనం. ఒక బండి మీద చేపల పులుసు నూడుల్స్ మొహింగా, పక్క బండి మీద సమోసా చిదిమి పులుసు పోసి ఇచ్చేది, ఆ పక్క పెనం మీద మన దోసె. వీటన్నిటి వెనక ఇంగ్లీషువాళ్ళ నాటి ఎర్ర ఇటుక మేడలు. పెచ్చులూడి, గోడల్లో రావి మొక్కలు మొలిచి ఇంకా నిలబడే ఉన్నాయి. ఇదంతా చూసిన యాత్రికుడు ఇంటికెళ్ళి రాసేది చాలాసార్లు ఒకటే: ఒకప్పుడు ఇక్కడ పది జాతులు కలిసిమెలిసి బతికాయి, ఆ బతుకు ఇప్పుడు లేదు, ఎంత పాపం! మసీదు, గుడి, చర్చి, యూదుల ప్రార్థనా మందిరం నాలుగడుగుల దూరంలో కనిపిస్తుంటే అలా అనిపించడం సహజమే. కానీ ఆ మాటలో సగమే నిజం. పోయిన బతుకు ఉన్నమాట నిజం. అది కలిసిమెలిసి బతికిన బతుకా అన్నది వేరే సంగతి. మనవాళ్ళు రంగం అని పిలుచుకున్న ఆ ఊళ్ళో అంతరించింది సామరస్యం కాదు, రాకపోకలు. వచ్చినవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయేందుకే వచ్చిన ఊరు అది. ఆ మేడలూ ఆ దారులూ ఆ రాకపోకల కోసం కట్టినవే. అలా కాకుండా చూస్తే వాటికి అర్థం లేదు.

ముందు ఆ తిన్నటి దారుల సంగతే చూద్దాం. 1852 యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాను పట్టుకున్న వెంటనే వేసిన ప్లాను అది. సింగపూర్‌లో పనిచేసి వచ్చిన మాంట్‌గోమరీ అనే వైద్యుడు, బెంగాల్ ఇంజనీర్లలోని ఫ్రేజర్ అనే అధికారి కలిసి గీశారు. అప్పటిదాకా అక్కడున్నది ష్వేడగోన్ పగోడా నీడన పెరిగిన చిన్న రేవు. నది పోటెత్తితే మునిగే బురద నేలను పూడ్చి, చదును చేసి, ప్లాట్లుగా కోసి అమ్మారు. ఊరి ముఖాన్ని గుడి వైపు కాక ఓడల వైపు తిప్పారు. వంకర లేని వీధి నడిచేవాడికి అందం. సరుకు బండికి అది సౌకర్యం. డెల్టాలో అడవులు కొట్టి వరి వేస్తున్నారు, ధాన్యం పడవల మీద రంగం చేరుతోంది, నది వెంబడి మిల్లులు పుడుతున్నాయి, అక్కణ్ణుంచి బియ్యం ఓడలెక్కి పోతోంది. 1930ల నాటికి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశం బర్మా, ఏటా ముప్ఫై లక్షల టన్నుల దాకా. ఆ బియ్యాన్ని మోసేవాళ్ళు కావాలి. డెల్టాలో కొత్త భూమి దొరుకుతుంటే బర్మీయుడు బస్తాలు మోయడానికి పట్నం ఎందుకొస్తాడు? కాబట్టి చేతులను సముద్రం అవతల నుంచి తెచ్చారు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. పాస్‌పోర్టు లేదు, అడ్డుకునే చట్టం లేదు, టికెట్టు డబ్బులుంటే చాలు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్లలో డెక్కు మీద, మూటలూ ముంతలూ పక్కన పెట్టుకుని జనం బయలుదేరారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు 1839 తుఫానులో దెబ్బతిని తేరుకోలేదు. అయినా రంగంలో తెలుగువాడు ఏ ఊరివాడైనా కోరంగివాడే అయ్యాడు.

ఎంతమంది వచ్చారన్న లెక్కకన్నా ఎంతమంది వెళ్ళిపోయారన్న లెక్కే ఇక్కడ ముఖ్యం. 1920ల చివరి ఏళ్ళలో ఇండియా నుంచి బర్మా చేరినవాళ్ళు ఏటా మూడు లక్షలకు పైమాటే. తిరిగి ఓడెక్కినవాళ్ళూ లక్షల్లోనే. 1931 జనాభా లెక్కల్లో రంగం జనాభా నాలుగు లక్షలు. అందులో సగానికి మించి ఇండియావాళ్ళే. బర్మా రాజధానిలో బర్మీయులు తక్కువ సంఖ్యవాళ్ళయ్యారు. దేశం మొత్తం మీద పది లక్షల మంది ఇండియావాళ్ళుంటే వాళ్ళలో పదికి ఆరుగురు బర్మా బయట పుట్టినవాళ్ళు. కూలి పనివాళ్ళలో ఆడవాళ్ళు బహు కొద్ది. ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కనిపించేది కాపురాల ఊరు కాదు, బసల ఊరు. కోతల వేళకు దిగి, కోతలయ్యాక మిల్లుల్లో చేరి, మిల్లులు మందగించాక కొందరు రేవులో పని వెతుక్కుని, కొందరు ఇంటికి పోయి, మళ్ళీ వచ్చిన మగవాళ్ళ ఊరు. అక్కడ ముసలివాళ్ళు కనిపించరు, పిల్లలూ కనిపించరు. వాళ్ళు గంజాంలోనో విశాఖ జిల్లాలోనో మనియార్డరు కోసం ఎదురుచూస్తున్నారు.

ఇక ఆ బసలు. నంబర్ల వీధుల్లోని ఇరుకు మేడలు ఇవాళ చూడముచ్చటగా ఉన్నాయి గాని, అప్పట్లో వాటిలో చాలా భాగం కూలీల లాడ్జింగ్ ఇళ్ళు. ఒక గదిలో పట్టాల్సినవాళ్ళకు ఎన్నో రెట్ల మంది. పగటి పని వాడు లేచిన చాప మీద రాత్రి పని వాడు పడుకోవడం. పై అంతస్తు నుంచి వాడిన నీళ్ళు గోడల వెంట కారడం. 1931లో అచ్చయిన కార్మిక కమిషన్ నివేదిక ఈ బసల గురించి కటువుగానే రాసింది. 1933లో ఇ.జె.ఎల్. ఆండ్రూ రంగంలోని భారతీయ కూలీల మీద ఒక పుస్తకమే తెచ్చాడు. ఈ ఏర్పాటుకు కీలు మేస్త్రీ. ఊళ్ళో పెళ్ళికో పన్నుకో అడ్వాన్సు ఇచ్చేవాడు, టికెట్టు కొనేవాడు, రేవులో దింపి ముఠాలో కలిపేవాడు, బస చూపించేవాడు, కూలి పంచేవాడు అన్నీ ఆయనే. కంపెనీ దొరకు కూలివాడి పేరు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. డబ్బు ఓడల్లో సరుకెక్కించే కాంట్రాక్టరుకు, అంటే స్టీవిడోరుకు చేరి, ఆయన దగ్గర నుంచి పెద్ద మేస్త్రీకి, అక్కణ్ణుంచి చిన్న మేస్త్రీకి, చివరికి కూలివాడికి చేరేలోపు ప్రతి చేయీ కొంత తీసుకునేది. మిగిలినదాంట్లో అడ్వాన్సు బాకీ, బస అద్దె, తిండి ఖర్చు. మన రేవుల్లో, బస్తాల గోదాముల్లో ముఠా మేస్త్రీ అన్న మాట ఈనాటికీ వింటూనే ఉన్నాం. ఆ పద్ధతి లక్షల మందితో, సముద్రం మీదుగా నడిస్తే ఎలా ఉంటుందో అదే రంగం.

పనులు కూడా భాషల వారీగా పంచుకున్నవే. వడ్డీ వ్యాపారం చెట్టియార్లది, గుమాస్తాగిరీ బెంగాలీలదీ తమిళులదీ, వాచ్‌మన్ పని ఉత్తరాదివాళ్ళది. తెలుగువాళ్ళకు వచ్చింది బరువు, మురికి. ఓడల్లో బస్తాలెక్కించడం, మిల్లుల్లో మోత, రిక్షా లాగడం, ఊరు ఊడ్చడం. ఆ నగరపు మేడల మధ్య, ముందు వీధికి సమాంతరంగా, వెనక వైపు సన్నటి సందులుంటాయి. యాత్రికులు వాటిలోకి మామూలుగా పోరు. మురుగు కాలువల కోసం, పాకీ పని కోసం వదిలిన జాగా అది. ముందు నుంచి యజమాని వస్తాడు, వెనక నుంచి శుభ్రం చేసేవాడు వస్తాడు, ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడనక్కరలేదు. ఊరు ఎవరిని కంటికి కనిపించకుండా ఉంచాలనుకుందో ప్లాను కాగితం మీదే గీసిపెట్టింది. ఇటీవలి ఏళ్ళలో అలాంటి కొన్ని సందుల్లో చెత్త ఎత్తి, గోడలకు రంగులేసి, మొక్కలు పెట్టి పిల్లలు ఆడుకునే చోట్లుగా మార్చారు. మంచి పనే. ఆ సందులెందుకు పుట్టాయో చెప్పే మాట ఒక్కటి గోడ మీద రాస్తే ఇంకా బాగుండేది.

ఇంతా విని, వాళ్ళనెవరూ కట్టేసి తీసుకెళ్ళలేదు కదా అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. ఉత్తరాంధ్రలో వానలు మోసం చేసిన ఏళ్ళు, జమీందారీ శిస్తులు, చేతికి సగం ఏడాదే పని, కులం చెప్పిన పనే చేయాల్సిన ఊళ్ళు. వీటితో పోలిస్తే రంగం కూలి మెరుగు. కాకపోతే తిరిగొచ్చినవాడు మళ్ళీ ఎందుకు పోతాడు, తమ్ముణ్ణి ఎందుకు వెంటబెట్టుకుని పోతాడు? ఊళ్ళో బాకీ తీర్చినవాళ్ళున్నారు, చెక్క భూమి కొన్నవాళ్ళున్నారు, పెంకుటిల్లు వేసినవాళ్ళున్నారు, మేస్త్రీలై బాగా వెనకేసినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఇది ఒట్టి బాధల కథ అనడం వాళ్ళ తెలివినీ తెగువనీ తక్కువ చేయడమే. కానీ ఇష్టపడి పోయాడు కాబట్టి పద్ధతి మంచిదే అన్నది మాత్రం పొసగదు. ఇంటి దగ్గర గతి లేక ఎంచుకున్నది ఎంపికే, అయితే ఆ గతిలేనితనమే మేస్త్రీకి పెట్టుబడి. ఇవాళ గల్ఫ్‌కు పోతున్న మన ఊళ్ళ మగవాళ్ళనూ, క్యాంపు గదుల్లో వాళ్ళ మంచాలనూ, ఏజెంటుకు కట్టిన అప్పునూ చూసినవాళ్ళకు ఈ తర్కం కొత్తగా చెప్పనక్కరలేదు. రంగంలో అంతరించిన బతుకు లోకంలో అంతరించలేదు, రేవు మారింది.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. పేదరికం సంగతి సరే, ఇన్ని మతాలు ఒకే వీధిలో తగువు లేకుండా బతకడం గొప్ప కాదా, ఇప్పటి బర్మాలో అది కరువై జరుగుతున్న ఘోరాలు చూస్తూ పాత రంగాన్ని తక్కువ చేయడం తగునా? ఈ ప్రశ్నలోని ఆవేదనను కాదనలేం. జవాబు మాత్రం బర్మాలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసిన ఫర్నివాల్ చాలాకాలం కిందటే ఇచ్చాడు. 1948లో వచ్చిన తన పుస్తకంలో ఆయన చెప్పిందేమిటంటే, ఇక్కడి జాతులు కలుస్తాయి గాని కలిసిపోవు, వాళ్ళు ఎదురుపడేది బజారులో, అమ్మడానికీ కొనడానికీ. బజారులో మర్యాద ఉంటుంది. అయితే బేరం కుదిరినంతసేపే ఆ మర్యాద. బేరం చెడితే ఏమవుతుందో 1930 మే నెల చూపించింది. గాంధీ అరెస్టు కబురు, కూలి రేట్ల తగువు రెండూ కలిసి రేవులో తెలుగు ముఠాలు పని ఆపేశాయి. ఓడలు ఆగకూడదని కంపెనీలు బర్మీయులను పనిలోకి తెచ్చాయి. కొత్త భూములు అయిపోయి, డెల్టా రైతులు అప్పుల్లో కూరుకుపోతున్న రోజులవి. ఒకప్పుడు రేవు వైపు చూడని బర్మీయుడికి ఇప్పుడు ఆ కూలీ కావాలి. కొన్ని వారాలు పోయాక కంపెనీలు తెలుగువాళ్ళతో రాజీపడి, మే 26న పనికి వచ్చిన బర్మీయులను పొమ్మన్నాయి. అప్పుడు రంగంలో మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ తర్వాత రాసిన దాన్ని బట్టి, కూడు పట్టుకొచ్చిన భార్యల ఎదుట ఆ మగవాళ్ళకు జరిగిన ఎగతాళి నిప్పు రాజేసింది. రోజుల తరబడి ఊరు తగలబడింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. తాళం వేసుకున్న బసల తలుపులు పగలగొట్టి మరీ చంపారు. ఇద్దరు పేదలను ఒక పని కోసం పోటీకి దించినవాళ్ళకు మాత్రం గాయం కాలేదు. సామరస్యం ఉన్న ఊళ్ళో ఇలా జరగదని నేననను. సామరస్యం ఎంత ఉన్నా ఎక్కడో ఒకచోట జరగవచ్చు. అయితే పక్కింటివాడనే బంధం ఉన్నచోట, తగువు తీర్చే పెద్దమనిషో సంఘమో ఉంటుంది. బజారు బంధం తప్ప ఇంకోటి లేనిచోట ఉండదు. 1938లో మళ్ళీ జరిగింది, ఈసారి మతం పేరుతో. అప్పటికి చెట్టియార్ల అప్పులకు తీరని తాకట్టుగా దిగువ బర్మా ముఖ్య వరి జిల్లాల్లో పావు వంతు పొలం వాళ్ళ చేతికి వచ్చేసింది. పొలం పోయిన రైతుకు చెట్టియారు ఎక్కడో దూరంగా ఉన్నాడు. రేవు కూలి ఎదురుగా ఉన్నాడు.

టీ కొట్టులో, గుడి తిరునాళ్ళలో, వీధి కుళాయి దగ్గర మనుషులు మనుషుల్లా మాట్లాడుకోలేదా అంటే మాట్లాడుకున్నారు. తెలుగు మగవాళ్ళు బర్మా ఆడవాళ్ళను పెళ్ళాడి అక్కడే ఉండిపోయారు, వాళ్ళ పిల్లలు బర్మా భాష మాట్లాడారు. దోసె ఆ ఊరి తిండి అయిపోయింది. ఇవన్నీ ఆ ఏర్పాటు వల్ల జరిగినవి కావు, ఆ ఏర్పాటు ఉన్నా జరిగినవి. వాటికి కృతజ్ఞత చెప్పాల్సింది మనుషులకు, నగరాన్ని గీసినవాళ్ళకు కాదు.

ఆ ఊరు మనుషులతో ఎలా ముడిపడి ఉండేదో, ఆ ముడి విడిపోయిన తీరే చెబుతుంది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు బాంబులు వేశాయి. కూలీలు మూటలు సర్దుకుని ప్రోమ్ రోడ్డు పట్టారు. రేవు ఆగింది, చెత్త కుప్పలు పడింది, మిల్లులు మూతపడ్డాయి. లక్షల జనాభా ఉన్న రాజధాని కొన్ని రోజుల్లో నడవడం మానేసింది. కలెక్టర్లూ కమిషనర్లూ ఉన్నారు. లేనివాడు ఊడ్చేవాడు. వెళ్ళిపోతున్నవాళ్ళను దారిలో ఆపి, బతిమాలి, వెనక్కి తెచ్చే ప్రయత్నాలు జరిగాయి. వీధులు ఎవరి కాళ్ళ మీద నిలబడి ఉన్నాయో అప్పుడు పాలకులకు తెలిసింది. 1942 మార్చిలో రంగం జపాను వశమయ్యేలోపూ ఆ తర్వాతా నాలుగైదు లక్షల మంది ఇండియా వైపు కదిలారు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళకు ఓడలో చోటు దొరికింది. మిగతావాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. వేల మంది కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే పోయారు. వాళ్ళ పేర్ల జాబితా ఎక్కడా లేదు. మేస్త్రీ పద్దు పుస్తకంలో తప్ప వాళ్ళ పేర్లు మొదట్నుంచీ ఎక్కడా లేవు.

యుద్ధం తర్వాత కొందరు తిరిగి వెళ్ళారు, అక్కడే పుట్టినవాళ్ళు ఉండిపోయారు. 1962లో జనరల్ నె విన్ సైన్యం గద్దెనెక్కి, కొట్లూ వ్యాపారాలూ ప్రభుత్వపరం చేసి, 1964 మేలో యాభై, నూరు క్యాట్ల నోట్లు రద్దు చేసింది. మూడు లక్షల మంది దాకా కట్టుబట్టలతో వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. ఇక్కడ మూడో అభ్యంతరం వస్తుంది: పాత రంగాన్ని ఇంతగా తప్పుపడితే ఈ వెళ్ళగొట్టడాన్ని సమర్థించినట్టు కాదా? కాదు. దిగుమతి చేసుకున్న కూలీల మీద నగరాన్ని కట్టడం ఒక అన్యాయం, రెండు తరాల తర్వాత ఆ కూలీల మనవళ్ళను పరాయివాళ్ళని గెంటేయడం ఇంకో అన్యాయం. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని ఒప్పుకోమనేది సైనికుల వాదన. రెండోదాన్ని చూపి మొదటిదాన్ని మరచిపోమనేది మేడల మీద మోజున్నవాళ్ళ వాదన. 1964లో ఓడెక్కినవాళ్ళలో చాలామందికి ఇండియా అంతకుముందు చూడని దేశం. రాకపోకల ఊళ్ళో చివరి పోక అది. ఇష్టంతో సంబంధం లేనిది.

యాంగోన్‌లో 2012లో చరిత్రకారుడు తాన్ మ్యిన్ ఊ పూనుకుని పాత కట్టడాల రక్షణకు ఒక ట్రస్టు పెట్టారు. కొన్ని మేడల మీద నీలం ఫలకాలు వెలిశాయి. రాజధాని నేపిడాకు తరలిపోయాక ఖాళీ అయిన సచివాలయం, 1901 నాటి స్ట్రాండ్ హోటలు, 1926 నాటి స్కాట్ మార్కెట్టు, 1936 నాటి సిటీ హాలు వీటిని కూల్చనివ్వకూడదన్నది సరైన మాటే. కూల్చేస్తే అడగడానికి సాక్ష్యం కూడా మిగలదు. కానీ ఏది వారసత్వం అన్న జాబితాలో పాలించిన భవనాలు ముందుంటే, పడుకున్న బసలు ఎక్కడో చివరన ఉంటాయి. యాత్రికుడు ఆ జాబితా పట్టుకునే నడుస్తాడు. మనవైపు లోటు ఇంకా పెద్దది. తెలుగు పాఠకుల మనసులో రంగం ఎక్కువగా బెంగాలీ నవలాకారుడు శరత్ బాబు రంగమే. 1903 నుంచి 1916 దాకా ఆయన అక్కడ గుమాస్తాగా ఉన్నాడు, ఆయన నవల శ్రీకాంత్ రెండో భాగంలోని ఓడ ప్రయాణాన్ని తెలుగులో తరాల తరబడి చదివారు. ఆ డెక్కు మీద ఉన్న జనంలో మనవాళ్ళు ఎంతమందో మనం అడగలేదు. ఒక బెంగాలీ గుమాస్తా రాశాడు, ఒక ఇంగ్లీషు మేజిస్ట్రేటు రాశాడు, కమిషన్లు రాశాయి. బస్తా మోసినవాడు రాయలేదు, రాయగలిగినవాళ్ళు అతణ్ణి అడిగి రాసుకున్నది చాలా తక్కువ. ఆ బతుకును పిల్లలుగా చూసి వచ్చినవాళ్ళకు ఇప్పుడు డెబ్భై దాటింది. విశాఖలోనూ శ్రీకాకుళం జిల్లాలోనూ వాళ్ళు ఇంకా ఉన్నారు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల నుంచి ఆ ఇళ్ళకు సిటీ బస్సు దూరమే.